మద్యం, సిగరెట్ ఏవీ లేవు, అయినా ఇది వ్యసనమేనా? ఎలా గుర్తుపట్టాలి?

మీరు రాసింది రెండుసార్లు చదివాను. మీ చెల్లికి 26 ఏళ్లు. ఏడాదిగా యాంగ్జయిటీకి మందులు వాడుతోంది. మొదటిసారి వెళ్లినప్పుడు డాక్టర్ "మద్యం, సిగరెట్ లాంటి అలవాట్లేమైనా ఉన్నాయా" అని అడిగితే లేవన్నారు, అది నిజమే. కానీ ఈమధ్య ఆమె అలమర సర్దుతుంటే బట్టల వెనక విప్పని పార్సిళ్లు 17 బయటపడ్డాయి. అర్ధరాత్రి దాటాక కూడా ఫోన్లో ఏవో చూస్తూ ఆర్డర్లు పెడుతోంది. అడిగితే "రెండే కొన్నాను అక్కా" అంటోంది. ఇది వ్యసనమా, ఉన్న జబ్బులో భాగమా, ఈ రోజుల్లో అందరూ చేసేదేనా? డాక్టర్‌కి చెప్పాలా? ఫోన్ తీసేసుకోవాలా? ఇవీ మీ ప్రశ్నలు.

ముందు సూటిగా జవాబు. డాక్టర్‌కి చెప్పాలి, వచ్చే అపాయింట్‌మెంట్‌లోనే చెప్పాలి. ఆమె నోటితో ఆమే చెప్పగలిగితే ఇంకా మంచిది. ఫోన్ మాత్రం లాక్కోకండి. ఇక వ్యసనమా కాదా అనేది ఉత్తరం చదివి తేల్చే విషయం కాదు గానీ, మీరు రాసినదాంట్లో నా కన్ను ఆగింది 17 అన్న లెక్క దగ్గర కాదు, "విప్పని" అన్న మాట దగ్గర. వస్తువు కావాలనుకున్న మనిషి పార్సిల్ రాగానే విప్పుకుంటుంది. విప్పకుండా దాచిందంటే ఆమెకు ఆ వస్తువుతో పని లేదు. ఆర్డర్ పెట్టే ఆ రెండు నిమిషాలతోనే పని. ఆ రెండు నిమిషాల్లో ఆమెకు ఏం దొరుకుతోంది, దానికి ముందు ఏం జరిగింది, తర్వాత ఏం మిగిలింది? అసలు చూడవలసింది అక్కడ.

నేను 18 ఏళ్లుగా క్లినికల్ సైకాలజిస్ట్‌గా పనిచేస్తున్నాను. అందులో సగానికి పైగా కాలం వ్యసనాల విభాగంలోనే గడిచింది. మొదట్లో మద్యం, డ్రగ్స్ కేసులే వచ్చేవి. మేము నింపే ఫారాల్లో కూడా ఆ ప్రశ్నలే ఉండేవి. "లేదు" అని టిక్ పెట్టి ముందుకు వెళ్లేవాళ్లం. ఆ "లేదు" వెనక ఎంత దాగి ఉండేదో నాకు అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టింది. అందుకే మీ ప్రశ్నకు కాస్త పొడుగ్గా జవాబు రాస్తున్నాను.

గంటలు లెక్కపెట్టకండి

ఇంట్లోవాళ్లు నా దగ్గరికి రాగానే చెప్పే మొదటి మాట గంటల లెక్కే. "రోజుకు ఆరు గంటలు ఫోనేనండీ", "ఎనిమిది గంటలు గేమేనండీ". గంటలు అసలు అక్కర్లేదని అనను, నిద్ర చెడుతోందంటే అది పట్టించుకోవలసిందే. కానీ గంటలను బట్టి వ్యసనం తేలదు. రోజుకు పది గంటలు సంగీతం సాధన చేసే పిల్ల ఉంటుంది, లేచాక మొహం వెలిగిపోతూ ఉంటుంది, ఆకలేస్తే తింటుంది, స్నేహితురాలు పిలిస్తే వెళుతుంది. రోజుకు నలభై నిమిషాలే బెట్టింగ్ యాప్ తెరిచే మనిషి ఉంటాడు. ఆ నలభై నిమిషాల కోసం మిగతా రోజంతా అబద్ధాల మీద నడుస్తుంటుంది. ఇద్దరిలో నా దగ్గరికి రావలసింది రెండో మనిషే.

నేను అడిగేది మూడు వేళల గురించి. చేసే ముందు పది నిమిషాలు ఎలా ఉంది? చేస్తున్నప్పుడు ఎలా ఉంది? అయిపోయిన గంటకు ఎలా ఉంది? ఇష్టంతో చేసే పనికి ముందు ఉత్సాహం ఉంటుంది, తర్వాత ఒక నిండుదనం ఉంటుంది. వ్యసనంగా మారినదానికి ముందు ఒక ఇరుకు ఉంటుంది. గుండెలో బరువు, చేతుల్లో నిలకడలేనితనం, ఎవరో అన్న మాట, రేపటి భయం. చేస్తున్నప్పుడు ఆ ఇరుకు సడలుతుంది. అంతే, సడలుతుంది. ఆనందం అని చాలామంది అనరు. "కాసేపు ఏమీ అనిపించదు" అంటారు. నా గదిలో నేను అన్నిటికంటే ఎక్కువసార్లు విన్న వాక్యం అదే. గంట గడిచేసరికి సిగ్గు, తన మీద తనకు అసహ్యం. ఆ సిగ్గే మళ్లీ ఇరుకు అవుతుంది. మళ్లీ అదే తలుపు తట్టాలి. చక్రం అలా తిరుగుతుంది.

మానసిక సమస్య ఉన్నవాళ్లలో ఇది ఎందుకు తేలిగ్గా అల్లుకుంటుందో దీన్నిబట్టే తెలుస్తుంది. యాంగ్జయిటీ ఉన్న మనిషికి ఆ ఇరుకు రోజులో ఎన్నోసార్లు వస్తుంది. డిప్రెషన్ ఉన్న మనిషికి మామూలు విషయాల్లో రుచి పోతుంది, గట్టిగా తగిలేది ఏదైనా ఉంటేనే కాస్త కదలిక. ఏడీహెచ్‌డీ (శ్రద్ధ నిలవకపోవడం, నిలకడలేనితనం ఉండే సమస్య) ఉన్నవాళ్లకు ఆగడం అనేదే కష్టం, వెంటనే దొరికే ఫలితం వైపు మనసు లాగుతుంది. చిన్నప్పుడు పెద్ద దెబ్బ తిన్నవాళ్లకు కొన్ని జ్ఞాపకాలు రాకుండా ఏదో ఒకటి అడ్డుపెట్టుకోవాలి. మద్యం ఆ అడ్డుల్లో ఒకటి. కొనడం, ఆడటం, పందెం కాయడం, పరిగెత్తడం, తినడం, అదేపనిగా పనిచేయడం కూడా అడ్డులే.

వైద్యం దీన్ని ఒప్పుకుంటుందా?

కొంత ఒప్పుకుంటుంది, కొంత ఇంకా చర్చలోనే ఉంది. మీకు ఎవరైనా "షాపింగ్ అడిక్షన్ అనేదే లేదు" అనో, "ప్రతిదీ అడిక్షనే" అనో చెప్పే అవకాశం ఉంది కాబట్టి ఇది తెలిసి ఉండటం మంచిది.

అమెరికన్ సైకియాట్రిస్టులు వాడే డీఎస్ఎమ్ అనే వర్గీకరణలో జూదం సమస్య 1980లోనే చేరింది. కాకపోతే అప్పుడు దాన్ని ఆవేశాన్ని ఆపుకోలేని సమస్యల కింద పెట్టారు. 2013లో వచ్చిన ఐదో కూర్పులో దాన్ని మద్యం, డ్రగ్స్ ఉన్న అధ్యాయంలోకే మార్చారు. శరీరంలోకి ఏ పదార్థమూ వెళ్లకుండానే వ్యసనం రాగలదని ఆ పుస్తకం ఒప్పుకున్నది అప్పుడే. ఇంటర్నెట్ గేమింగ్‌ను మాత్రం ఇంకా పరిశోధన కావాలన్న భాగంలో ఉంచారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన జబ్బుల వర్గీకరణ ఐసీడీ-11, 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. అందులో జూదం, గేమింగ్ రెండూ వ్యసనాలుగానే ఉన్నాయి. గేమింగ్‌కు వాళ్లు చూసేవి మూడు: ఎప్పుడు మొదలుపెట్టాలో, ఎప్పుడు ఆపాలో చేతిలో లేకపోవడం, మిగతా ఇష్టాలూ రోజువారీ పనులూ అన్నీ దాని వెనక్కి పోవడం, నష్టం కళ్లకు కనబడుతున్నా ఆగకపోవడం. మామూలుగా ఇది 12 నెలలు కనిపించాలి, తీవ్రంగా ఉంటే అంతకంటే ముందే నిర్ధారించవచ్చు. గంటల లెక్క అందులో లేదు చూడండి.

అదుపు లేని కొనుగోలుకు డీఎస్ఎమ్‌లో సొంత పేరు లేదు. అలాగని అది కొత్తగా పుట్టింది కాదు. ఫోన్లూ యాప్‌లూ ఊహలో కూడా లేని రోజుల్లో, ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే, జర్మన్ వైద్యుడు ఎమిల్ క్రెపెలిన్ దీన్ని గమనించి "ఒనియోమేనియా" అని రాశాడు. పేరు పుస్తకంలో ఉందా లేదా అన్నది మీ చెల్లి విషయంలో పెద్ద ప్రశ్న కాదు. ఆమె బాధపడుతోంది, దాస్తోంది, ఆపలేకపోతోంది. సాయం తీసుకోవడానికి ఇంతకంటే ఏం కావాలి?

ఇంకో మాట కూడా చెప్పాలి. అదుపు లేని లైంగిక ప్రవర్తనను ఐసీడీ-11 వ్యసనాల్లో కాకుండా ఆవేశ నియంత్రణ సమస్యల్లో పెట్టింది. "నేను తప్పు చేస్తున్నాను" అన్న నైతిక బాధ ఒక్కటే ఉంటే ఆ నిర్ధారణకు సరిపోదని కూడా స్పష్టంగా చెప్పింది. నా దగ్గరికి వచ్చే కుర్రాళ్లలో చాలామందికి ఉన్నది అపరాధ భావమే, వ్యసనం కాదు. వాళ్లకు ఆ ముద్ర వేస్తే సిగ్గు రెట్టింపవుతుంది. వ్యసనం అన్న మాటను పొదుపుగా వాడాలనేది నా గట్టి నమ్మకం.

మెదడులో ఏం జరుగుతుంది?

చాలామంది దీన్ని "డోపమైన్ (మెదడులోని ఒక రసాయనం) వస్తుంది, మజా వస్తుంది" అని రెండు ముక్కల్లో చెప్పేస్తారు. అసలు సంగతి అంతకంటే విచారకరంగా ఉంటుంది. కెంట్ బెర్రిడ్జ్, టెర్రీ రాబిన్సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1993లో ఒక సిద్ధాంతం ప్రతిపాదించారు. కావాలని గుంజుకోవడం వేరు, దొరికాక ఆస్వాదించడం వేరు, మెదడులో ఈ రెండూ వేర్వేరు ఏర్పాట్లు అని. వ్యసనం ముదిరేకొద్దీ గుంజుడు పెరుగుతుంది, ఆస్వాదన మాత్రం పెరగదు, చాలామందిలో తగ్గిపోతుంది కూడా. "ఇష్టం లేకపోతే ఎందుకు చేస్తున్నావు" అని ఇంట్లోవాళ్లు అడిగే ప్రశ్నకు వాళ్ల దగ్గర జవాబు లేకపోవడానికి కారణం ఇదే. వాళ్లు నిజమే చెబుతున్నారు, ఇష్టం లేదు, అయినా లాగుతోంది. విప్పని పార్సిల్ అంటే నా దృష్టిలో అదే.

రెండోది, ఎప్పుడు దొరుకుతుందో తెలియని బహుమతి. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ తన ప్రయోగాల్లో పావురాలతో చూపించింది ఇదే. నొక్కిన ప్రతిసారీ గింజ పడితే పక్షి ఆకలి తీరాక ఆగుతుంది. ఎప్పుడు పడుతుందో తెలియకపోతే నొక్కుతూనే ఉంటుంది. గింజలు రావడం మానేశాక కూడా చాలాసేపు వదలదు. స్లాట్ మెషీన్, వేలు పెట్టి లాగితే మారిపోయే రీల్స్, "ఇంకా గంటే ఆఫర్" అని మెరిసే తెర, గేమ్‌లో తెరిచే పెట్టెలు, అన్నీ ఈ సూత్రం మీదే పనిచేస్తాయి. అందుకే మీ చెల్లిది మనోబలం లేకపోవడం అనుకోకండి. ఆమె యాంగ్జయిటీతో అలసిపోయి ఉన్న రాత్రివేళ, ఆపడం కష్టమయ్యేలా తీర్చిదిద్దిన ఒక వస్తువు ముందు ఒంటరిగా కూర్చుంటోంది.

ఒకేలా కనబడతాయి, ఒకటి కావు

ఈ భాగం కోసమే నిజానికి ఇంత రాస్తున్నాను. పైకి ఒకే ప్రవర్తన కనబడుతుంది. కింద ఉన్నది వేరు అయితే వైద్యమే మారిపోతుంది.

నేను చేసిన ఒక తప్పు చెబుతాను. వివరాలు గుర్తుపట్టకుండా మార్చాను. ముప్పై దాటిన ఒకామె విపరీతంగా కొంటోందని భర్త తీసుకొచ్చాడు. నేను కొనుగోలు వ్యసనం అనుకుని ఆరు వారాలు డైరీలూ, కార్డు తీసేయడాలూ చేయించాను. ఆమె రాత్రికి మూడు గంటలే నిద్రపోయేది, అయినా అలసట లేదనేది. మాట వేగం పెరిగింది, కొత్త వ్యాపారాలు మూడు మొదలుపెడతానంది. నేను దాన్ని హుషారు అనుకున్నాను. అది బైపోలార్‌లోని (మనసు ఒకసారి కుంగిపోయి, ఒకసారి అదుపు తప్పి ఉప్పొంగే జబ్బు) మేనియా దశ, అంటే ఆ ఉప్పొంగే దశ. నిద్ర అవసరమే తగ్గిపోవడం, ఆలోచనలు పరుగెత్తడం, తనకేదీ అడ్డు లేదన్న ధీమా, వీటితోపాటు ఖర్చు ఒక్కసారిగా పెరిగితే అది వేరే సంగతి. దానికి సైకియాట్రిస్ట్ దగ్గర మందులు కావాలి, డైరీలు కాదు. ఆ ఆరు వారాల్లో ఆ కుటుంబం చేసిన అప్పు నాకు ఇప్పటికీ గుర్తుంది. అప్పటి నుంచి ఎవరి విషయంలోనైనా నిద్ర గురించి అడగకుండా ముందుకు కదలను. మీరూ మీ చెల్లిని గమనించండి. రాత్రి మేలుకున్నాక పొద్దున ఈసురోమంటూ లేస్తోందా, లేక మూడు గంటల నిద్రతోనే ఉరకలేస్తోందా? రెండోదైతే అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి, వెంటనే ఫోన్ చేసి చెప్పండి.

ఓసీడీతో (భయం పోవడానికి ఒకే పనిని పదేపదే చేయించే జబ్బు) కూడా తికమక పడతారు. పదేపదే చేతులు కడగడం, తాళం చూసుకోవడం, "నాకేం కాదు కదా" అని వందసార్లు అడగడం కూడా ఆపలేని పనులే. తేడా ఏమిటంటే, ఓసీడీలో మొదటి రోజు నుంచీ ఆ పనిలో మజా అనేది ఉండదు, భయాన్ని తప్పించుకోవడమే ఉంటుంది. వ్యసనం మజాతో మొదలై ఉపశమనానికి దిగజారుతుంది. అందుకే "మొదట్లో ఎలా ఉండేది" అని అడగడం చాలా ఉపయోగపడుతుంది. జుట్టు పీక్కోవడం, చర్మం గిల్లుకోవడం లాంటివి ఓసీడీకి దగ్గరగా ఉండే మరో గుంపు. వాటికి వేరే శిక్షణ ఉంటుంది, తిడితే పెరుగుతాయి.

డిప్రెషన్ దాక్కున్న ఉదాహరణ ఇంకొకటి. ఇరవై రెండేళ్ల కుర్రాడు, రోజుకు 14 గంటలు గేమ్. తండ్రి కంప్యూటర్ తీసేశాడు. కుర్రాడు గొడవ చేయలేదు. గోడవైపు తిరిగి పడుకున్నాడు, నాలుగు రోజులు లేవలేదు. తీసేస్తే చిరాకు, కోపం, ఎలాగైనా తిరిగి సంపాదించాలన్న తాపత్రయం వ్యసనంలో సాధారణంగా ఉంటాయి. ఇక్కడ అవేవీ లేవు. ఆ పిల్లవాడికి గేమ్ వ్యసనం కాదు, రోజును గడిపించే ఊతకర్ర. డిప్రెషన్‌కు వైద్యం మొదలుపెట్టాక నాలుగో నెలకు గేమ్ దానంతటదే రెండు గంటలకు వచ్చింది. ఎవరూ ఏమీ లాక్కోలేదు. మీకు ఫోన్ తీసుకోవద్దని మొదట్లోనే చెప్పడానికి కారణం ఈ కుర్రాడే. ఊతకర్ర తీసేముందు కాలికి ఏమైందో చూడాలి.

మందుల వల్ల కూడా రావచ్చు. ఇది చాలామందికి తెలియదు, దయచేసి జాగ్రత్తగా చదవండి. పార్కిన్సన్స్‌కూ, కాళ్లు నిలకడగా ఉండనివ్వని జబ్బుకూ వాడే ప్రమిపెక్సోల్, రోపినిరోల్ లాంటి మందులు కొంతమందిలో జూదం, కొనుగోలు, తిండి, లైంగిక కోరిక మీద అదుపు పోగొడతాయి. జీవితంలో ఒక్క పందెం కాయని పెద్దమనిషి డెబ్బై ఏళ్ల వయసులో ఆన్‌లైన్ జూదంలో పడ్డాడని కొడుకు సిగ్గుతో తీసుకొచ్చాడు. న్యూరాలజిస్ట్ మందు మార్చాక కొన్ని వారాల్లో ఆ కోరిక వదిలిపోయింది. ఆయన ఏడ్చింది డబ్బు పోయినందుకు కాదు, "నేను ఇలాంటివాడినా" అని ఏడాదిపాటు తనను తాను తిట్టుకున్నందుకు. మానసిక వైద్యంలో వాడే అరిపిప్రజోల్ గురించి కూడా అమెరికా ఎఫ్‌డీఏ 2016లో ఇలాంటి హెచ్చరికే ఇచ్చింది. మీ చెల్లి ఏ మందు వాడుతోందో మీరు రాయలేదు. ఆ కొనుగోళ్లు ఎప్పుడు మొదలయ్యాయి, మందు ఎప్పుడు మొదలైంది లేదా మోతాదు ఎప్పుడు మారింది, ఈ రెండు తేదీలూ ఒక కాగితం మీద రాసి డాక్టర్ ముందు పెట్టండి. మీ అంతట మీరు మందు ఆపేయకండి. యాంగ్జయిటీ మందులు కొన్ని ఒక్కసారిగా ఆపితే పెద్ద ఇబ్బంది అవుతుంది.

మెచ్చుకోలు దొరికే వ్యసనాలు

వీటిని గుర్తుపట్టడం అన్నిటికంటే కష్టం. పందెం కాస్తే తిడతారు, రోజుకు 16 గంటలు పనిచేస్తే చప్పట్లు కొడతారు. ఒక యువతి రోజూ రెండు పూటలా పరిగెత్తేది. కాలి ఎముకకు సన్నని పగులు వచ్చింది, డాక్టర్ ఆరు వారాలు ఆగమన్నాడు. పదో రోజుకే దొంగతనంగా మెట్లు ఎక్కిదిగడం మొదలుపెట్టింది. ఆమెను అందరూ క్రమశిక్షణకు ఉదాహరణగా చూపించేవాళ్లు. తవ్వితే కింద తిండి రుగ్మత ఉంది. తిన్న ప్రతి ముద్దకూ శిక్షగా పరుగు. ఇలాంటివాళ్లను గుర్తుపట్టడానికి నేను అడిగేది ఒకటే: "ఒక రోజు చేయకపోతే ఏమవుతుంది?" మామూలుగా ఇష్టపడేవాళ్లు "ఏముంది, రేపు చేస్తా" అంటారు. వీళ్ల మొహంలో భయం కనబడుతుంది.

అబద్ధం అనే గుర్తు

మీ చెల్లి "రెండే కొన్నాను అక్కా" అంది కదా. దాన్ని మోసంగా తీసుకోకండి, లక్షణంగా తీసుకోండి. జూదం సమస్యను పసిగట్టడానికి 1997లో వచ్చిన ఒక చిన్న పరీక్షలో ఉన్నవి రెండే ప్రశ్నలు. పందెం సొమ్ము అంతకంతకూ పెంచాలని ఎప్పుడైనా అనిపించిందా? ఎంత ఆడుతున్నారన్నది మీకు ముఖ్యమైనవాళ్ల దగ్గర అబద్ధం చెప్పవలసి వచ్చిందా? అన్ని లక్షణాల్లోంచీ వాళ్లు ఏరుకున్న రెండింటిలో ఒకటి అబద్ధం. నా అనుభవం కూడా అదే చెబుతుంది. మనిషి తనకు అదుపు తప్పిందని ఇతరుల కంటే ముందు తానే గ్రహిస్తాడు. దాచడం మొదలుపెట్టేది అప్పుడే.

మిగతా గుర్తులు చెప్పాలంటే: మొదట్లో సరిపోయింది ఇప్పుడు సరిపోకపోవడం, ఆపితే చిరాకూ నిద్రలేమీ, ఆపుతానని ఒట్టు పెట్టుకుని వారంలో మళ్లీ మొదలుపెట్టడం, వేరే పనిలో ఉన్నా మనసు అక్కడే ఉండటం, ఒకప్పటి ఇష్టాలు ఒక్కొక్కటీ రాలిపోవడం. వీటిలో ఒకటో రెండో అందరిలోనూ ఉంటాయి. చాలావరకు కలిసి కనబడి, నెలల తరబడి ఉండి, చదువో ఉద్యోగమో బంధాలో అప్పులో ఆరోగ్యమో దెబ్బతింటుంటే అప్పుడు ఆలోచించాలి. ఒకటి ఆగిన చోట ఇంకొకటి మొదలవుతుందా అని కూడా చూడండి. కొనడం మానేసి అదేపనిగా తినడం, అది మానేసి రాత్రంతా స్క్రోలింగ్ అయితే, మనం పట్టుకున్నది కొమ్మనే, వేరు అలాగే ఉందన్నమాట.

ఒక విషయంలో మాత్రం తాత్సారం వద్దు. జూదం, ట్రేడింగ్ పేరుతో జూదం, రహస్య అప్పులు ఉన్నచోట ఆత్మహత్య ముప్పు చాలా ఎక్కువ. అప్పు బయటపడిన రోజు, బయటపడబోతోందని తెలిసిన రోజు ఇంకా ఎక్కువ. మీ చెల్లికి అప్పులున్నాయేమో మెల్లగా తెలుసుకోండి. "చచ్చిపోవాలనిపిస్తోందా" అని నేరుగా అడగడానికి భయపడకండి. అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుట్టదు, ఉన్నది బయటికి వస్తుంది. అవునంటే ఆమెను ఒంటరిగా వదలకుండా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. తనను తాను గాయపరుచుకోవడం కనబడినా అంతే.

డాక్టర్ దగ్గరికి వెళ్లేలోగా

రెండు వారాల డైరీ అన్నిటికంటే పనికొస్తుంది. రాయవలసింది ఆమె, మీరు కాదు. మీరు రాస్తే అది నిఘా అవుతుంది. ఒక్కో ఆర్డర్‌కు ఒక్క వరుస చాలు: టైమ్, దానికి ముందు ఏం జరిగింది, మనసులో ఏముంది, అయిపోయిన గంటకు ఎలా ఉంది. కొనాలనిపించి కొనకుండా ఉన్న రాత్రులు కూడా రాయాలి, అవి ఇంకా విలువైనవి. ఒకామె డైరీలో 11 ఆర్డర్లకు తొమ్మిది ఒకే మనిషితో ఫోన్ మాట్లాడాక పెట్టినవి. ఏడాదిగా మాకు తెలియనిది ఒక్క కాగితం చెప్పింది.

ఆ కోరిక అలలాంటిది. లేస్తుంది, పతాక స్థాయికి వెళుతుంది, మనం ఏమీ చేయకపోయినా విరిగిపోతుంది. చాలామంది అది పెరుగుతూనే ఉంటుందనుకుని మధ్యలోనే లొంగిపోతారు. అల విరిగేదాకా నిలబడటం నేర్పించవచ్చు, థెరపీలో మేము చేసే పనిలో పెద్ద భాగం అదే. అప్పటిదాకా దారి కొంచెం కష్టం చేస్తే చాలు: యాప్‌లో దాచిపెట్టిన కార్డు వివరాలు తీసేయడం, నోటిఫికేషన్లు ఆపడం, రాత్రి ఫోన్ వేరే గదిలో ఛార్జింగ్‌కు పెట్టడం. ఇవన్నీ ఆమె ఒప్పుకుని, ఆమె చేతులతోనే చేయాలి. బలవంతంగా చేయిస్తే వారంలో ఇంకో దారి వెతుక్కుంటుంది, ఆ దారి మీకు కనబడదు.

వైద్యం అంటే యాంగ్జయిటీకీ దీనికీ కలిపే. "ముందు ఆ అలవాటు మానుకుని రండి, తర్వాత యాంగ్జయిటీ చూద్దాం" అని ఎవరైనా అంటే ఇంకొకరి అభిప్రాయం తీసుకోండి. ఒకటి రెండోదాన్ని పోషిస్తున్నప్పుడు విడదీసి చూస్తే రెండూ నయం కావు. ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చుకోవడం నేర్పే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీకి ఈ సమస్యల్లో మంచి ఆధారాలే ఉన్నాయి, జూదం విషయంలో మరీ. మధ్యలో మళ్లీ జారడం ఉంటుంది. అది జరిగిన రోజు డైరీలో ఆ వరుస రాయిస్తే చాలు, పంచాయితీ పెట్టకండి.

ఇక ఆమెతో మాట ఎలా మొదలుపెట్టాలో మీరు అడగలేదు కానీ, చివరికి ఆగిపోయేది అక్కడే. పార్సిళ్లన్నీ తెచ్చి మంచం మీద పేర్చి "ఇవేంటి" అని అడగకండి. అమ్మానాన్నల ముందు అసలే వద్దు. ఇద్దరే ఉన్నప్పుడు, మొహాలు ఎదురెదురుగా లేనప్పుడు, నడుస్తున్నప్పుడో పక్కపక్కన కూర్చున్నప్పుడో, "రాత్రిళ్లు నీకు నిద్ర పట్టడం లేదు కదే, ఆ టైమ్‌లో ఎలా ఉంటుంది నీకు?" అని అడగండి. పార్సిళ్ల ఊసెత్తకండి. ఆమె ఏదో ఒకటి చెబుతుంది, లేదా "ఏం లేదక్కా" అంటుంది. ఏం లేదంటే రెట్టించకండి, కాసేపు పక్కనే ఉండండి. రెండు మూడు రోజులయ్యాక మళ్లీ అడగండి, మళ్లీ నిద్ర గురించే.

ఆమె వాడే మందు పేరు, మొదలుపెట్టిన తేదీ, నిద్ర ఎలా ఉందో ఇక్కడే కింద రాస్తే డాక్టర్‌ను అడగవలసిన ప్రశ్నలు రాసిస్తాను. ఆమె పేరు, మీ పేరు రాయకండి.